కొల్లేరు గట్లూ, మన సర్వర్లూ

మాది పెంటపాడు. కొల్లేరు మాకు మరీ దూరమేం కాదు. 1999లో ఐదో కాంటూరు వరకూ అభయారణ్యం అని జీవో ఇచ్చారు. 2006లో పొక్లెయిన్లు పెట్టి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. తర్వాతేమైంది? గట్లు మళ్ళీ లేచాయి! కాగితమ్మీద కొల్లేరు ఒకటి, నేలమీద కొల్లేరు ఇంకోటి.

మన సర్వర్ల సంగతీ అంతేనండీ. ఈ జబ్బుకి మందు 1993లోనే ఓస్లోలో మార్క్ బర్జెస్ తయారుచేశాడు, సీఎఫ్‌ఇంజిన్ అని. మిషను ఎలా ఉండాలో రాసిపెడితే, ఏజెంటు పదేపదే వచ్చి చూస్తుంది, తేడా ఉంటేనే సరిచేస్తుంది. 2005లో పప్పెట్, 2009లో షెఫ్, 2012లో యాన్సిబుల్ వచ్చాయి. మనవాళ్ళు మాత్రం ఇప్పటికీ "పప్పెట్టా, యాన్సిబులా" అని కొట్టుకుంటూ, అర్ధరాత్రి చేత్తో లాగినై ఫైళ్ళు మారుస్తుంటారు.

నేనేం తక్కువ తినలేదు. ఓ ప్రాజెక్టులో రాత్రి రెండింటికి ఒక టైమౌట్ చేత్తో మార్చి, ప్లేబుక్కులో రాయకుండా పడుకున్నా. మూడు వారాలకి ఇంకొకతను ప్లేబుక్కు నడిపాడు. నా మార్పు ఎగిరిపోయింది, సైటు పడిపోయింది. తిట్లన్నీ టూలుకి! పాపం, అది దాని పని అది చేసింది. తప్పు నాది.

"అర్జంటు కదండీ" అంటారా? సరే, మంటలప్పుడు చేత్తోనే ఆర్పండి. తెల్లారేసరికి మాత్రం కోడ్‌లో రాయండి. యాన్సిబుల్‌కి ఏజెంటు లేదు, మీరు నడిపితేనే నడుస్తుంది. ఏడాదికోసారి నడిపితే అది ఆపరేషన్ కొల్లేరే.

ఇవాళే చెక్ మోడ్‌లో నడిపి, ఎన్ని తేడాలు చూపిస్తుందో లెక్కపెట్టండి. ఏ టూలు గొప్పో ఆ తర్వాత మాట్లాడుకుందాం.