గడ్డం కింద సూది వేయించుకున్నాక క్రీములెందుకు?

డబుల్ చిన్ కరిగించే ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లకు మొదటి వారం పది రోజుల్లో పూసుకోవాల్సిన క్రీములంటూ దాదాపు ఏమీ లేవు. గుంటూరు బ్రాడీపేటలో ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టును నేను. కౌంటర్ మీదికొచ్చే చీటీలు చూసే కొద్దీ ఈ మాట బయటికి చెప్పి తీరాలనిపిస్తోంది.

మాఘమాసం ముహూర్తాలకు ముందు ఒక పెళ్లికూతురు వచ్చింది. గడ్డం కింద బాగా వాచి ఉంది. సూది గుచ్చిన చుక్కలు వరసగా కనిపిస్తున్నాయి. పార్లర్‌వాళ్లు రాసిచ్చిన చీటీలో రెటినాల్ సీరం, గ్లైకాలిక్ యాసిడ్ ఫేస్‌వాష్, విటమిన్ సి, ఒక స్లిమ్మింగ్ జెల్ ఉన్నాయి. "ఈ రాత్రి నుంచే మొదలుపెట్టమన్నారు ఆంటీ" అంది. ఏ మందు వేశారమ్మా అని అడిగితే, "ఫ్యాట్ కరిగేదట" అంది. వేసినామె డాక్టరో కాదో కూడా తెలియదు. పైన పూసేవాటి పేర్లన్నీ తెలుసు, ఒంట్లోకి పోయిన మందు పేరు తెలియదు. నన్ను బాధపెట్టింది అదే.

ఈ పనికి అమెరికా ఎఫ్‌డీఏ 2015లో అనుమతించిన మందు డీఆక్సీకోలిక్ యాసిడ్, అక్కడి బ్రాండు పేరు కైబెల్లా. పేగుల్లో కొవ్వు అరగడానికి తోడ్పడే పైత్యరసంలో ఉండే ఆమ్లమే ఇది. అనుమతి పెద్దవాళ్లకు, అదీ గడ్డం కింది కొవ్వుకు మాత్రమే. పొట్టకు, చేతులకు లేదు. విడతకూ విడతకూ కనీసం నెల ఎడం ఉండాలి, ఆరు విడతలు దాటకూడదు. కొవ్వు కణం పైపొరను చీల్చి కణాన్ని చంపడం ఈ మందు పని. చచ్చిన కణాలను ఒళ్లు మెల్లగా ఎత్తిపోసుకుంటుంది, ఆ క్రమంలోనే వాపు, ఎరుపు, గట్టిదనం వస్తాయి. అయితే అది కొవ్వు కణం, ఇది చర్మ కణం అని ఈ మందు తేడా చూడదు. సూది లోతుకు దిగకుండా పైపైన పడితే చర్మమే పుండు పడుతుంది.

అలాంటి చోట రెటినాల్, యాసిడ్లు పూస్తే ఏమవుతుందో ఆలోచించండి. అవి చర్మం పైపొరను పొట్టు రేపేవి, మామూలు రోజుల్లోనే కొందరికి మంట పుట్టిస్తాయి. ఇక్కడ ఆ మంట కూడా తెలియకపోవచ్చు. అనుమతికి ముందు జరిగిన ట్రయల్స్‌లో మందు వేయించుకున్న వందమందిలో 66 మందికి ఆ చోటు మొద్దుబారింది. స్పర్శ లేని చర్మానికి క్రీము కాల్చినా తెలియదు, ఐసు కాల్చినా తెలియదు. ఐసు పెట్టుకునేవాళ్లు గుడ్డలో చుట్టి, కాసేపే పెట్టి తీసేయాలి.

ఇంకో నష్టం ఉంది, నాకు ఇదే పెద్దదనిపిస్తుంది. నాలుగు రకాలు పూసుకున్నాక చర్మం ఎర్రబడితే అది సూది వల్లనా, సీరం పడకనా, ఇన్‌ఫెక్షనా అన్నది చూసే డాక్టరుకే అంతు చిక్కదు. ఈలోగా ఇంట్లో ఎవరో ఒకరు పాత స్టెరాయిడ్ ట్యూబ్ తీసిస్తారు. ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల చీము పెరుగుతుంది. ఇలాంటి 14 స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే చెప్పింది. అయినా అమ్ముతున్న షాపులున్నాయి. నా తోటివాళ్లు ఈ మాటకు కోపగించుకున్నా సరే.

పెళ్లికూతుళ్లకు నలుగు సంగతి కూడా చెప్పాలి. నూనె, సున్నిపిండి, పసుపు పట్టించి నలుగురూ నలుగు పెట్టే ముచ్చట నాకూ ఇష్టమే. కానీ వాపు తగ్గని గడ్డం మీద రుద్దకూడదు. పసుపు కింద చర్మం కందిందో నల్లబడిందో కనిపించదు కూడా. బుగ్గకు, చేతులకు రాసి మెడను వదిలేయమని అత్తలకూ పిన్నులకూ ముందే చెప్పండి. అసలు పెళ్లికి రెండు మూడు వారాల ముందు ఈ సూది జోలికి పోకూడదు. వాపు, కమిలిన మచ్చలు ముహూర్తం చూసుకుని తగ్గవు.

స్లిమ్మింగ్ జెల్ మాట ఒక్క వాక్యంలో: కొవ్వు ఉండేది చర్మం కింద, పైన రాసిన జెల్ దాన్ని కరిగించదు.

మరి ఏం వాడాలి? ఘాటు వాసన లేని మామూలు సబ్బునీళ్లు, చర్మం పొడిబారితే సాదా మాయిశ్చరైజర్. తొలిరోజు మేకప్ వద్దు. సూది రంధ్రాలు మూసుకున్నాక, రుద్దకుండా అద్దుకునే సన్‌స్క్రీన్. మన ఛాయ చర్మాల మీద కమిలిన చోట ఎండ పడితే మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది కాబట్టి ఇదొక్కటి అవసరమే. సీరంలు, స్క్రబ్బులు వాపు పూర్తిగా పోయాక డాక్టరును అడిగి మొదలుపెట్టొచ్చు. నవ్వితే మూతి ఒక పక్కకు పోతున్నా, మింగడం కష్టంగా ఉన్నా, చర్మం నల్లబడినా, చీము పట్టినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆ అమ్మాయికి చీటీలోవి ఏవీ ఇవ్వలేదు. చర్మవైద్యుల దగ్గరికి పంపాను. ఏ మందు వేశారన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. ఆక్వాలిక్స్, లైపో ల్యాబ్, కాబెలిన్ లాంటి అనుమతి లేని ఇంజెక్షన్లతో శాశ్వత మచ్చలు, తీవ్ర ఇన్‌ఫెక్షన్లు, నొప్పి పెట్టే గడ్డలు వస్తున్నాయని 2023లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. వయల్ మీద పేరు చూడనివాళ్లకు ఆ హెచ్చరిక ఎలా అందుతుంది?

సూది వేసే ప్రతిచోటా మందు పేరు, బ్యాచ్ నంబరు, వేసిన డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు రాసిన కాగితం ఇవ్వాలని ఔషధ నియంత్రణ అధికారులు పట్టుబట్టాలి. సూదితోపాటు క్రీముల కిట్లు అంటగట్టడం ఆపించాలి. అప్పటిదాకా మీరే అడగండి. ఆ కాగితం ఇవ్వమంటే ఇవ్వనివాళ్ల దగ్గర సూది వేయించుకోకండి.