పేరు మామది, తాళాలు ఎవరివి?

మీ మండల కేంద్రంలో కూడా ఇలాంటి బిల్డింగు ఒకటి ఉండే ఉంటది. రోడ్డు పక్కన, రెండు మూడు అంతస్తులు, కింద షట్టర్లు, పైన లాడ్జి. పంచాయతీలో చూస్తే ఇంటి పన్ను ఒక కోయ పేరు మీదో, కొండదొర పేరు మీదో, గోండు పేరు మీదో ఉంటది. ఆ పేరున్న మనిషి మాత్రం ఊరి చివర రేకుల ఇంట్లో ఉంటాడు. ఉపాధి హామీ పనికి పోతాడు, ఎండాకాలం తునికాకు కోస్తాడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. రెవెన్యూ వాళ్ళకి తెలుసు, పంచాయతీ సెక్రటరీకి తెలుసు, మీటరు రీడింగు తీసే అబ్బాయికి కూడా తెలుసు. పోలీసులకి మాత్రం ఆ బిల్డింగులో ఏదో ఒకటి జరిగినప్పుడే అనుమానం వస్తది. అప్పుడు ఎవరిని పిలుస్తారు? రేకుల ఇంట్లో ఉన్నాయన్ని.

మా వైపు జరిగింది చెప్తాను. ఊరి పేరు, మనుషుల పేర్లు కావాలనే రాయట్లేదు. ఒక లాడ్జి పై గదిలో పేకాట ఆడుతుంటే పట్టుకున్నారు. ఓనర్ ఎవరని చూస్తే మామ పేరు వచ్చింది. సొంత మామ కాదు, వరసకి మామ. చదువుకున్నోడు ఒకడు పక్కన ఉంటే మంచిదని నన్ను తీసుకుపోయారు. ఎస్‌ఐ గారు చెడ్డగా ఏం మాట్లాడలేదు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. మొదలుపెట్టాడు.

“ఆ బిల్డింగు ఎవరిది?”

“నా పేరు మీదే ఉంది సార్.”

“పేరు సంగతి కాదయ్యా. ఎవరిది?”

“పేరు నాదే సార్.”

“ఎంతకి కొన్నావు స్థలం?”

“గుర్తు లేదు సార్.”

“ఏ సంవత్సరం?”

“వానలు బాగా పడ్డ ఏడు సార్.”

“పైన గదులెన్ని?”

“పైకి ఎక్కలేదు సార్. మోకాళ్ళ నొప్పులు.”

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. “వీళ్ళింతే సార్, ఒక్క ముక్క సూటిగా చెప్పరు” అన్నాడు. వారం రోజుల ముందు ఆ మామే చింతకాయలు దులపడానికి చెట్టెక్కాడు. ఆ సంగతి నాకు తెలుసు. కానిస్టేబుల్ నవ్విన దాంట్లో అబద్ధం లేదు, మామ తప్పించుకుంటున్నాడు. ఎవరి నుంచి తప్పించుకుంటున్నాడు అన్నదే నేను రాయదలచుకున్నది.

స్టేషన్ గేటు బయట ఒక బైకు ఆగి ఉంది. దాని మీద కూర్చున్న కుర్రాడు షావుకారు మనిషి. మామని స్టేషన్ దాకా తెచ్చింది కూడా వాడే. లోపల ఏం చెప్పాడో బయటికి రాగానే అడిగేదీ వాడే. మామ చూపు ఎస్‌ఐ గారి మీద లేదు, కిటికీ మీద ఉంది.

ఈ బినామీ ఎలా కడతారో మీలో చాలామందికి తెలుసు, తెలియని తమ్ముళ్ళ కోసం చెప్తున్నా. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తది, లేదా ఆడపిల్ల పెళ్ళి వస్తది. షావుకారు డబ్బులిస్తాడు. “నాకొక చిన్న సాయం చెయ్యి, నీ పేరు మీద ఒక కాగితం రాయించుకుంటా” అంటాడు. స్థలం మామ పేరు మీద కొంటారు. అదే రోజు మామ చేత ఖాళీ స్టాంపు కాగితాల మీద వేలిముద్రలు వేయిస్తారు. లక్షల రూపాయలు అప్పు తీసుకున్నట్టు ప్రామిసరీ నోటు రాయిస్తారు. మామ పేరున బ్యాంకు ఖాతా తెరిచి ఏటీఎం కార్డు వాళ్ళే పెట్టుకుంటారు. అంటే మామ రేపు “ఇది నాది” అన్నా చిక్కే, “ఇది నాది కాదు” అన్నా చిక్కే. మొదటి మాటకి ప్రామిసరీ నోటు కోర్టుకెక్కుతది. రెండో మాటకి బినామీ కేసులో తనే ముద్దాయి అవుతానని భయం. ఇంక మిగిలింది ఏంటి? “గుర్తు లేదు సార్.”

భాష సంగతి కూడా ఉంది. ఇంట్లో కోయ మాట్లాడే మనిషిని “స్వాధీనం ఎవరిది, విక్రయ దస్తావేజు ఎవరు రాశారు” అని అడిగితే, అర్థం కాలేదని చెప్పడానికి కూడా సిగ్గుపడి తల ఊపుతాడు. ఆ తల ఊపుడు కాగితం మీద “అవును” అయి కూర్చుంటది.

ఒక పాత కేసు గుర్తుచేస్తా. మన పక్కనే ఉన్న ఒడిశాలో నందినీ సత్పతి ముఖ్యమంత్రిగా చేశారు. పదవి పోయాక, 1977లో, ఆస్తుల మీద వచ్చిన అవినీతి కేసులో ఆమెని కటక్‌లో పోలీస్ స్టేషన్‌కి పిలిచి రాతపూర్వకంగా ప్రశ్నలు ఇచ్చారు. ఆమె జవాబు చెప్పనన్నారు. జవాబు చెప్పనందుకు కేసు పెడితే అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు వచ్చింది. తనని తాను నేరంలో ఇరికించుకునే జవాబు చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదన్న ఆర్టికల్ 20(3) రక్షణ, కోర్టు బోనులోనే కాదు, పోలీసులు ప్రశ్నలడిగే దశలోనే మొదలవుతుందని చెప్పారు. ఆడమనిషిని స్టేషన్‌కి పిలిపించి ప్రశ్నించడాన్నీ తప్పుపట్టారు. ఒక మాజీ ముఖ్యమంత్రి ఆస్తి గురించి మాట్లాడకపోతే అది రాజ్యాంగ హక్కు అయ్యింది. మన మామ మాట్లాడకపోతే “వీళ్ళింతే” అయ్యింది. చట్టం ఇద్దరికీ ఒకటే.

ఇక అసలు సంగతికి వస్తా. నేనంటున్నది మామ నోరు విప్పకూడదని కాదు. మామ నోరు విప్పే దాకా ఆగాల్సిన పని పోలీసులకి లేదు అంటున్నా.

1959 భూబదలాయింపు నిబంధనలని 1970లో సవరించారు, మనం 1/70 చట్టం అనేది దాన్నే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి, ఇల్లు, స్థలం ఏదైనా ఎస్టీ మనిషికో, పూర్తిగా ఎస్టీలే ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకెవరికి బదలాయించినా చెల్లదు. అమ్మేది గిరిజనేతరుడైనా అంతే. లీజు, తాకట్టు కూడా బదలాయింపు కిందకే వస్తాయి, కాబట్టి “కొనలేదు, లీజుకి తీసుకున్నాం” అన్న మాట కుదరదు. దీని మీద కోర్టుకి పోయినవాళ్ళు పి. రామిరెడ్డి కేసులో 1988లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. ఇందులో 3(1)(బి) అనే ఒక చిన్న నిబంధన ఉంది, దాన్ని మనవాళ్ళు కూడా సరిగ్గా చదవరు. ఏజెన్సీలో ఏ ఆస్తి అయినా గిరిజనేతరుడి స్వాధీనంలో ఉంటే, అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటది. కాదని రుజువు చేసుకోవాల్సింది స్వాధీనంలో ఉన్నవాడు. మామ కాదు.

“స్వాధీనంలో” అన్న మాట దగ్గర కాస్త ఆగండి. కాగితం మీద పేరు ఎవరిది అన్నది ఒక ప్రశ్న. బిల్డింగు ఎవరి చేతిలో ఉంది అన్నది వేరే ప్రశ్న. రెండోదానికి సాక్షి ఎందుకు? లాడ్జి కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ ఉంటది, ఫోన్ తీసి స్కాన్ చేస్తే పేరు వస్తది. గదుల తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో రూమ్‌బాయ్ చెప్తాడు, వాడికి జీతం ఎవరు ఇస్తున్నారో వాడికి తెలుసు. కరెంటు బిల్లు ఏ ఫోన్ నుంచి కడుతున్నారు? సిమెంటు, ఇనుము తెచ్చిన బిల్లులు ఎవరి పేరు మీద ఉన్నాయి? షట్టర్ల అద్దె ఎవరి ఖాతాకి పోతుంది? సైకిల్ దొంగతనం కేసులో కూడా ఇంతకంటే ఎక్కువ వెతుకుతారు. ఎస్‌ఐ గారు అడిగిన మొదటి ప్రశ్న సరైనదే: “ఎవరిది?” కానీ దాన్ని అడగాల్సిన మనిషి ఆ పూట స్టేషన్‌కి రాలేదు, ఆయన్ని పిలవలేదు కూడా.

ఇంకొకటి. “భూమి గొడవ రెవెన్యూ వాళ్ళది, మాది కాదు” అని స్టేషన్లో అంటుంటారు. సగమే నిజం. చట్టానికి విరుద్ధంగా ఆస్తి సంపాదించినవాడికి ఏడాది దాకా కఠిన జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ వేయొచ్చని 1978లో 6-ఏ సెక్షన్ చేర్చారు. దాన్ని పోలీసులు నేరుగా కేసు కట్టగలిగే నేరం చేశారు. రెండు వేలు అంటే ఇప్పుడు ఆ లాడ్జిలో ఒక రాత్రి అద్దె, అది వేరే సంగతి. ఇక ఆస్తి ఖాళీ చేయించే కేసు ఎలా మొదలవుతుందంటే, ఆసక్తి ఉన్న ఎవరి అర్జీ మీదనైనా, అధికారి తనంతట తానైనా, లేదా ప్రభుత్వోద్యోగి ఒకరు రాతపూర్వకంగా సమాచారం ఇచ్చినా సరే. ఎస్‌ఐ గారు ప్రభుత్వోద్యోగే కదా. మామని మూడు గంటలు కూర్చోబెట్టే బదులు స్పెషల్ డిప్యూటీ కలెక్టర్‌కి ఒక పేజీ రాస్తే చాలు. ఆ పేజీ ఎందుకు రాయలేదో అడగండి. నేను అడిగాను. “చూద్దాం” అన్నారు.

బినామీ చట్టం కింద పెడితే సరిపోదా అని కొందరు లాయర్లు అంటారు. నాకు ఆ దారి మీద అంత నమ్మకం లేదు. 2016 సవరణ తర్వాత దాంట్లో ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా జైలు ఉంది, అసలు ఓనర్‌కీ, పేరు ఇచ్చినవాడికీ ఇద్దరికీ. జప్తు చేసిన ఆస్తి కేంద్ర ప్రభుత్వానికి పోతది. 1/70 కింద అయితే ఆ భూమి ఇచ్చిన గిరిజనుడికో, వాళ్ళ వారసులకో తిరిగి రావాలి, వాళ్ళు వద్దంటే ఇంకో ఎస్టీ కుటుంబానికి ఇవ్వాలి. మన నేల మన దగ్గరికి వచ్చే దారి అది. అయితే బినామీ చట్టంలో 2024లో వచ్చిన మార్పు ఒకటి మనవాళ్ళకి తెలియాలి. 55-ఏ అని కొత్త సెక్షన్ చేర్చారు. పేరు ఇచ్చినవాడు ఉన్నది ఉన్నట్టు మొత్తం చెప్తే, శిక్ష నుంచి మినహాయింపు ఇచ్చే వీలు ఉంది. అసలు ఓనర్‌కి ఆ వీలు లేదు. తనంతట తానుగా రాదు, అధికారులు ఇవ్వాలి. అందుకే లాయర్ లేకుండా నోరు విప్పొద్దు అనేది. ఎస్టీలకి ఉచిత న్యాయసహాయం 1987 చట్టంలో ఉంది, ఆదాయం ఎంతని కూడా చూడరు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి ఒక అర్జీ పెడితే లాయర్‌ని ఇవ్వాలి.

మనవాళ్ళందరూ మామలాంటోళ్ళే అని నేను అనను. ఉద్యోగం ఉండి, జీతం వస్తూ, కమీషన్ కోసం నాలుగు ప్లాట్లకి పేరు ఇచ్చినవాళ్ళు ఉన్నారు. ఆదివాసీ దినోత్సవం రోజు తలపాగా చుట్టుకుని స్టేజీ ఎక్కి 1/70 గురించి ఉపన్యాసం ఇచ్చి, మరుసటి రోజు రిజిస్ట్రేషన్‌కి పోయేవాళ్ళు ఉన్నారు. ఆదివాసీ ఆడపిల్లని పెళ్ళి చేసుకుని ఆమె పేరు మీద భూములు కొని, ఆమెకి వంటింటి తాళం కూడా ఇవ్వని అల్లుళ్ళకి పెద్దమనుషులుగా నిలబడ్డవాళ్ళూ ఉన్నారు. ప్రామిసరీ నోటుకి భయపడి నోరు మూసుకున్నవాడూ, వాటా తీసుకుని నోరు మూసుకున్నవాడూ స్టేషన్లో ఒకే మాట అంటారు, “గుర్తు లేదు సార్” అని. తేడా తెలుసుకోవాల్సింది మనం. మొదటివాడి పక్కన కూర్చోవాలి. రెండోవాడిని గ్రామసభలో నిలబెట్టి అడగాలి.

మీ ఊళ్ళో ఎవరికైనా స్టేషన్ నుంచి కబురొస్తే, ముందు రాతపూర్వక నోటీసు అడగండి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లో 179వ సెక్షన్ అది. ఆడవాళ్ళని, పదిహేనేళ్ళ లోపు పిల్లల్ని, అరవై దాటిన పెద్దల్ని స్టేషన్‌కి రమ్మనడానికి లేదు, వాళ్ళ ఇంటికే వచ్చి అడగాలి. మామకి అరవై దాటి ఎన్నేళ్ళయ్యిందో ఆయన ఆధార్ కార్డులోనే ఉంది, ఎవరూ చూడలేదు. నేను చూపించాక “సరే, తీసుకుపో” అన్నారు. సాక్షిగా చెప్పిన మాట రాసుకున్న కాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయాల్సిన పని లేదు. వేయమంటే 181వ సెక్షన్ చూపించండి. అబద్ధం మాత్రం చెప్పొద్దు. తనని ఇరికించే ప్రశ్నకి “దీనికి జవాబు చెప్పను, లాయర్‌ని అడిగి చెప్తా” అనడం హక్కు. “పైకి ఎక్కలేదు, మోకాళ్ళ నొప్పులు” అనడం హక్కు కాదు, అది రేపు షావుకారు లాయర్‌కే పనికొస్తది. మొత్తం చెప్పడానికి మనిషి సిద్ధపడితే, మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇస్తానని అడగొచ్చు. అక్కడ గేటు బయట బైకు ఆగి ఉన్నా, లోపల చెప్పింది చెప్పినట్టు రికార్డు అవుతది.

స్టేషన్ నుంచి కబురు రాకముందే చేయగలిగింది కూడా ఉంది. పంచాయతీలో ఇంటి పన్ను రిజిస్టరు చూపించమని అడగండి, ఇవ్వకపోతే ఆర్‌టీఐ పెట్టండి. మెయిన్ రోడ్డు మీద బిల్డింగులు ఒక్కొక్కటీ ఎవరి పేరున ఉన్నాయో రాసుకోండి. సర్వే నంబరు, మీటరు నంబరు, కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ ఫోటో జత చేసి స్పెషల్ డిప్యూటీ కలెక్టర్‌కి అర్జీ పెట్టండి, ఒక కాపీ ఐటీడీఏ పీఓకి ఇవ్వండి. రెండింటికీ రసీదు తీసుకోండి. అర్జీ పెట్టే ముందు మాత్రం ఆ పేరున్న మనిషి ఇంటికి పోయి, ఆయన భాషలో, ఆయన భార్య పక్కన ఉండగా విషయం చెప్పండి. ప్రామిసరీ నోటు ఉందా, ఎంతకి రాశారు, సాక్షి సంతకాలు ఎవరివి, అప్పుడే అడగండి.