బ్రేకు మార్చే ముందు వైరు తీసి చూడండి

మా హాస్టల్‌లో ఏ వస్తువు మొరాయించినా దొరికే సలహా ఒక్కటే: అప్‌గ్రేడ్ చెయ్. ఫోన్ వేడెక్కితే అప్‌గ్రేడ్, ల్యాప్‌టాప్ నెమ్మదిస్తే అప్‌గ్రేడ్. పోయిన సంక్రాంతి సెలవుల్లో దోక్కుపోయిన మోకాలి ఫొటో గ్రూపులో పెట్టి "బ్రేకు పడలేదురా" అని రాస్తే పది నిమిషాల్లో వచ్చిన జవాబులు కూడా అవే. "కేబుల్ డిస్క్ పీకేసి హైడ్రాలిక్ వేయించు." నేను కూడా అదే కరెక్ట్ అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. ఎందుకో చెప్తాను.

మాది బేతంచెర్ల. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. మీ ఇంట్లో గచ్చుకి పరిచిన పాలిష్ బండ ఎక్కడిదని అడిగితే మా ఊరి పేరు వినపడే అవకాశం ఉంది. ఊరి చుట్టూ గనులు, బండలు కోసే ఫ్యాక్టరీలు, బండలు మోసే ట్రాక్టర్లు, లారీలు. వాటితో పాటు దుమ్ము. ఎండాకాలం చెట్ల ఆకులు కూడా బూడిద రంగులోనే ఉంటాయి.

నా రోడ్డు సైకిల్ సెకండ్ హ్యాండ్‌ది. రెండు చక్రాలకీ డిస్కులే, కానీ లాగేది వైరు. కాలేజీలో ఏడాదిన్నర తొక్కి, సెలవులకి డోన్ దాకా రైల్లో తెచ్చి, అక్కణ్ణుంచి తొక్కుకుంటూ ఇంటికొచ్చాను. తమ్ముడు తొమ్మిదో తరగతి. వాడికి ట్యూషన్‌కి వెళ్లడానికి సైకిల్ కావాలి. సెలవులయ్యాక ఇది వాడికే వదిలి వెళ్లాలని ముందే అనుకున్నాం. ఈ విషయం గుర్తుపెట్టుకోండి.

ఒక రోజు పొద్దున్నే బిలస్వర్గం గుహల వైపు వెళ్లి తిరిగొస్తున్నాను. దిగుడు రోడ్డు, మంచి స్పీడు. పక్క దారిలోంచి బండల ట్రాక్టర్ మెల్లగా రోడ్డెక్కింది. రెండు లివర్లూ హ్యాండిల్‌కి తగిలేదాకా నొక్కాను. సైకిల్ తగ్గింది కానీ ఆగలేదు. పక్కకి కోసి కంకరలో పడ్డాను. ట్రాక్టర్ డ్రైవర్ దిగొచ్చి లేపి, తిట్టి, నీళ్లిచ్చి వెళ్లాడు. మోకాలు, మోచెయ్యి తప్ప ఏం కాలేదు. ఇంటికి నడిపించుకుంటూ వస్తుంటే మాత్రం ఒకటే ఆలోచన: ఇంకో పది రోజులైతే ఈ సైకిల్ మీద తమ్ముడు ఉండేవాడు.

ఆ రాత్రి హైడ్రాలిక్ గురించి చదవడం మొదలుపెట్టాను. ఫ్లాట్ హ్యాండిల్ ఉన్న సైకిల్‌కి ఇది పెద్ద పని కాదు. అక్కడ గేర్ల మీట వేరు, బ్రేకు లివర్ వేరు. బ్రేకు సెట్ ఒక్కటీ కొని ఒక సాయంత్రంలో మార్చేయొచ్చు. రోడ్డు సైకిల్‌కి అలా కుదరదు. వంపు తిరిగిన హ్యాండిల్ మీద గేర్లు మార్చేదీ, బ్రేకు నొక్కేదీ ఒకే లివర్. షిమానో 1990లో ఈ పద్ధతి తెచ్చినప్పటి నుంచి దాదాపు అందరూ దాన్నే పట్టుకున్నారు. హైడ్రాలిక్‌లో ఆయిల్‌ని నెట్టే పిస్టన్ ఆ లివర్ లోపలే ఉంటుంది. వైరు లాగే లివర్ ఆయిల్‌ని నెట్టలేదు. అంటే బ్రేకు మార్చాలంటే గేర్ లివర్లు కూడా మార్చాలి. కొత్త లివర్ నా పాత గేర్లకి సరిపడకపోతే డిరేలర్, క్యాసెట్ కూడా! ఒక లైబ్రరీ అప్‌డేట్ చేయబోతే ప్రాజెక్టంతా ఎర్రగా మారినట్టు. మొత్తం లెక్క వేస్తే నేను సైకిల్‌కి పెట్టిన డబ్బు దాటిపోయింది.

వైరు లాగితే క్యాలిపర్ దగ్గర మాత్రం ఆయిల్‌తో పనిచేసే మధ్యరకం కూడా ఉంది. లివర్లు మార్చక్కర్లేదు. కానీ అందులోనూ వైరు వైరే. దాని కథకి ఇప్పుడే వస్తున్నాను.

మర్నాడు బస్టాండు దగ్గరి సైకిల్ షాపు మామ దగ్గరికి వెళ్లాను. రాడ్ బ్రేకుల సైకిళ్ల కాలం నుంచి ఆయన ఆ పనిలోనే ఉన్నాడు. డిస్కు సైకిళ్లు ఆయన దగ్గరికి పెద్దగా రావు. నిజం చెప్పాలంటే పంచర్ వేయించుకోవడానికే వెళ్లాను, బ్రేకు గురించి ఆయనకేం తెలుస్తుందిలే అనుకుని. ఆయన చక్రం లేపి తిప్పాడు. లివర్ నొక్కి వదిలాడు. అది తిరిగి రావడానికి కాసేపు పట్టింది.

"అబ్బీ, ఈ వైరు తీసి ఎన్నాళ్లయింది?"

"తీయలేదు మామా."

"తీయకుండానే మార్చేస్తావా? యాడన్నా ఉందా?"

ఇన్నర్ వైరు లాగి చూపించాడు. ఔటర్ మొదట్లో రాతి దుమ్ము, పాత గ్రీజు కలిసి మెత్తటి సిమెంటులా పట్టేసింది. తర్వాత క్యాలిపర్ చూశాడు. అక్కడ బయటపడింది అసలు తప్పు, అది నాదే. నాలాంటి చాలా కేబుల్ డిస్కుల్లో ఒక వైపు ప్యాడ్ మాత్రమే కదులుతుంది. అది డిస్కుని కొంచెం వంచి రెండో వైపు ప్యాడ్‌కి ఆనిస్తుంది. ప్యాడ్లు అరిగే కొద్దీ వాటినే స్క్రూ తిప్పి డిస్కుకి దగ్గరగా జరపాలి. నేను ఏడాదిన్నరగా ఏం చేశానంటే, లివర్ వదులైన ప్రతిసారీ వైరు చివర ఉండే బ్యారెల్ తిప్పి వైరు బిగించాను. లివర్ మళ్లీ గట్టిగా అనిపించేది. కానీ క్యాలిపర్ చెయ్యి మొదలయ్యేదే సగం దారి నుంచి. అది చివరిదాకా వెళ్లిపోయాక నేను ఎంత నొక్కినా ప్యాడ్ ముందుకి రాదు. రూట్ కాజ్ చూడకుండా ప్యాచ్ మీద ప్యాచ్ వేశానన్న మాట.

కొత్త ఇన్నర్, కొత్త ఔటర్ వేశాడు. గేర్ ఔటర్ వేయడం లేదు కదా అని నేనడిగితే నవ్వాడు. అది ఆయనకి తెలుసు. గేర్ ఔటర్‌లో తీగలు నిలువుగా ఉంటాయి, బ్రేకు ఒత్తిడికి పగిలిపోవచ్చు. బ్రేకు ఔటర్‌లో స్ప్రింగులా చుట్టి ఉంటాయి. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్యాడ్లు వచ్చాక ఇద్దరం కూర్చుని మార్చాం. క్యాలిపర్ సంగతి నేను ఫోన్‌లో చదివి చెప్పాను, వైరు సంగతి ఆయన చెప్పాడు. కొత్త ప్యాడ్లు మొదట్లో సరిగ్గా పట్టవు. స్పీడుగా వెళ్లి, చక్రం లాక్ కాకుండా దాదాపు ఆగేదాకా తగ్గించడం ఓ ఇరవైసార్లు చేయాలి. ఖాళీ రోడ్డు మీద అదీ చేశాను.

ఇప్పుడు లెక్కలకి వద్దాం, మనం ఇంజనీర్లం కదా. రోడ్డు సైకిల్ మీద మామూలుగా కూర్చుని ఎంత మంచి బ్రేకు వేసినా, మందగమనం సుమారు 0.5 నుంచి 0.6 జీ దాటితే వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. ఆ హద్దు పెట్టేది బ్రేకు కాదు, మన బరువు ఎక్కడుందన్నది. గంటకి 40 కి.మీ. స్పీడులో 0.5 జీ దగ్గర ఆగడానికి దాదాపు 12.6 మీటర్లు పడుతుంది. బ్రేకు బలం సగానికి పడిపోతే 25 మీటర్లు. నేను కంకరలో పడింది ఆ తేడాలోనే. సరిగ్గా సర్దిన కేబుల్ డిస్కు ఆ హద్దుని అందుకోగలదు. హైడ్రాలిక్ ఆ హద్దుని పెంచదు. ప్రొఫెషనల్ రోడ్డు రేసుల్లో డిస్కులకి పూర్తి అనుమతి వచ్చింది 2018 జులైలో. అంతవరకూ వాళ్లు ఆల్ప్స్ కొండలు దిగింది చాలావరకు వైరుతో లాగే రిమ్ బ్రేకులతోనే.

మరి హైడ్రాలిక్ వేస్టా? కాదు. న్యాయంగా చెప్పాలి. తక్కువ వేలి బలంతో పట్టుకుంటుంది, ఎంత నొక్కితే ఎంత తగ్గుతుందో చేతికి స్పష్టంగా తెలుస్తుంది. ప్యాడ్లు అరిగితే తనంతట తానే సర్దుకుంటుంది, కాబట్టి నాలాంటి బద్ధకస్తుడు చేసే తప్పుకి చోటు తక్కువ. గొట్టం మూసి ఉంటుంది, దుమ్ము లోపలికి పోదు. ఈ చివరి పాయింట్ మా ఊరికి చాలా పెద్దది.

కానీ మా ఊరికే ఇంకో పాయింట్ ఉంది. హైడ్రాలిక్‌లోకి గాలి చేరితే లివర్ మెత్తబడుతుంది. అప్పుడు ఆయిల్ నింపుతూ బుడగలు తీయాలి. బేతంచెర్లలో తమ్ముడు ఎవరి దగ్గరికి వెళ్తాడు? మోటార్ సైకిల్ మెకానిక్ దగ్గరికి. అతనికి డిస్కు బ్రేకులు బాగా తెలుసు, అదే ప్రమాదం. అతని డబ్బాలో ఉండేది డాట్ ఫ్లూయిడ్. షిమానో బ్రేకులకి కావలసింది మినరల్ ఆయిల్. ఒకదాని బదులు ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి. మెకానిక్ మంచి మనసుతోనే పోస్తాడు, లివర్ గట్టిగానే అనిపిస్తుంది, కొన్నాళ్లకి దిగుడు రోడ్డు మీద బ్రేకు పోతుంది.

అందుకే నా అభిప్రాయం ఇది. బ్రేకు ఎంచుకునేటప్పుడు అది ఎంత బాగా ఆపుతుందన్నది సగం ప్రశ్నే. పాడైతే ఆ ఊళ్లో ఎవరు బాగుచేస్తారన్నది మిగతా సగం. మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండి, వానలో రోజూ తొక్కుతూ, మంచి సర్వీస్ షాపు దగ్గర్లో ఉంటే హైడ్రాలిక్ వేయించుకోండి. ఇంకా మంచిది, మొదటే అది ఉన్న సైకిల్ కొనుక్కోండి. మార్పించడం కన్నా చవక పడుతుంది. మీ ఫ్రేముకి ఏ రకం క్యాలిపర్ సరిపోతుందో, ఉన్న రోటర్ మీద "రెజిన్ ప్యాడ్ మాత్రమే" అని రాసి ఉందేమో చూసుకోండి. కానీ బ్రేకు పడలేదన్న ఒక్క కారణంతో మార్చకండి. ముందు వైరు తీసి చూడండి.

వైరు బ్రేకుని తక్కువగా చూసే మాట నేనూ అన్నాను. ఆ ఔటర్, ఇన్నర్ ఏర్పాటుకి బౌడెన్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నది 1896లో. ఇంత పాతది కాబట్టే మా బస్టాండు మామకి అది అరచేతిలో గీతలా తెలుసు. నాకు తెలియనిది అదే.

కాలేజీకి బయల్దేరే ముందు రోజు తమ్ముణ్ణి కూర్చోబెట్టి అలెన్ కీ చేతికిచ్చాను. ప్యాడ్ ఎటు తిప్పితే దగ్గరవుతుందో మూడుసార్లు చేయించాను. రెండు నెలలకోసారి వైరు తీసి తుడవమన్నాను. పోయిన ఆదివారం ఫోన్ చేశాడు. "అన్నా, లివర్ కొంచెం వదులైంది. బ్యారెల్ ముట్టుకోలేదు, ప్యాడే తిప్పినా." ఆ రాత్రి నేను నిశ్చింతగా పడుకున్నాను.