మూగజీవులకు న్యాయం – న్యాయవిద్య బాధ్యత

తన బాధను తాను చెప్పుకోలేని వారి పక్షాన నిలిచి మాట్లాడడమే న్యాయవాద వృత్తికి పరమార్థం. పసిబిడ్డ ఆస్తికి అన్యాయం జరిగితే సంరక్షకుడు న్యాయస్థానాన్ని ఆశ్రయిస్తాడు. దేవాలయంలోని విగ్రహానికి సైతం చట్టం వ్యక్తిత్వాన్ని ఆపాదించి, దాని తరఫున దావా వేసే వీలు కల్పించింది. కాని ప్రాణమున్న పశువో పక్షియో హింసకు గురైనప్పుడు దాని తరఫున చట్టం తెలిసి నిలిచేవారు అరుదు. ఈ లోటును తీర్చవలసినవి న్యాయ కళాశాలలే.

జీవకారుణ్యం తెలుగునేలకు కొత్త కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి శిలలపై అశోకుడు చెక్కించిన శాసనాలు జీవహింసను నిరసించాయి. మనుషులకే గాక పశువులకూ వైద్యం ఏర్పరచిన సంగతిని చాటాయి. ఆధునిక కాలంలో ఈ భావన చట్టరూపం దాల్చింది. 1822లో బ్రిటిష్ పార్లమెంటు పశువులను క్రూరంగా హింసించడం నేరమని శాసించింది. భారతదేశంలో 1890 నాటి చట్టం స్థానంలో 1960లో జంతు హింస నిరోధక చట్టం వచ్చింది. ఇందుకు బాట వేసినవారు ప్రసిద్ధ నర్తకి, రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరండేల్. ప్రాణులపట్ల దయ చూపడం ప్రతి పౌరుని ప్రాథమిక కర్తవ్యమని 1976లో రాజ్యాంగంలో చేరిన 51ఎ(జి) అధికరణం పేర్కొన్నది.

ఇన్ని ఉన్నా చట్టానికీ ఆచరణకూ మధ్య ఎంత దూరమున్నదో గోదావరి డెల్టాలో సంక్రాంతి మూడు రోజులూ తేటతెల్లమవుతుంది. కోనసీమలోనూ, భీమవరం పరిసరాలలోనూ పందెంకోడిని నెలల తరబడి బాదంపప్పు, గుడ్లు పెట్టి బిడ్డవలె సాకుతారు. పండుగనాడు దాని కాలికి కత్తి కట్టి బరిలోకి దింపుతారు. కొన్ని నిమిషాలలో రెండింటిలో ఒకటి నెత్తుటి మడుగులో ఒరుగుతుంది. గెలిచినది కూడా తరచు గాయాలతోనే మిగులుతుంది. 1960 చట్టం ప్రకారం మనిషి తప్ప ప్రతి ప్రాణీ జంతువే. దానిని మరొక దానిపై పోరుకు ఉసిగొల్పడం నేరమే. 2016 డిసెంబరులో హైదరాబాదు ఉన్నత న్యాయస్థానం కోడిపందేలను నిరోధించవలసిందిగా అధికారులను ఆదేశించింది. ఆ తరువాతి పండుగలలోనూ బరులు వెలిశాయి.

ఇందుకు కారణం పందెగాండ్ర మొండితనమొక్కటే కాదు. ఈ చట్టం కింద మొదటి నేరానికి జరిమానా పది నుండి యాభై రూపాయలు. లక్షల రూపాయలు చేతులు మారే బరిలో యాభై రూపాయలు ఎవరిని భయపెట్టగలవు? అందువల్ల కోడిపందెం జూదపు కేసుగానే ఎక్కువగా చర్చకు వస్తుంది. ఆ కేసులో పట్టుబడిన కోడి ప్రాణి కాదు, కేవలం సాక్ష్యవస్తువు. గాయపడిన జంతువును చికిత్సకూ సంరక్షణకూ పంపే అధికారాన్ని 35వ సెక్షను మేజిస్ట్రేటుకు ఇచ్చింది. ఆ సెక్షనును చదివిన న్యాయవాది లేనప్పుడు, దానిని న్యాయమూర్తి దృష్టికి తెచ్చేదెవరు? కాలం చెల్లిన జరిమానాను సవరించాలని వాదించేదెవరు?

జంతు న్యాయశాస్త్రమంటే కేవలం జాలిమాటలు కాదు. 2014లో నాగరాజు కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆకలి, అసౌకర్యం, నొప్పి, భయాల నుండి విముక్తి, సహజ ప్రవర్తనకు అవకాశం అనే ఐదు స్వేచ్ఛలను జంతువులకు గుర్తించింది. 2023లో రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు జల్లికట్టుకు అనుకూలంగా చేసుకున్న సవరణను సమర్థించింది. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చదివిన విద్యార్థికి సంప్రదాయమూ కరుణా ఎక్కడ తలపడుతున్నవో బోధపడుతుంది. అనపర్తి, తణుకు ప్రాంతాల కోళ్ల పరిశ్రమ కూడా ఈ శాస్త్ర పరిధిలోనిదే. గుడ్లు పెట్టే కోళ్ల వసతి గురించి కేంద్ర న్యాయ కమిషను 2017లో నివేదిక సమర్పించింది. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరిలో బర్డ్ ఫ్లూ సోకినప్పుడు కోళ్లతోపాటు రైతులూ నష్టపోయారు. పక్షి క్షేమం రైతు క్షేమానికి దూరమైనది కాదు.

మనుషులకే సకాలంలో న్యాయం దొరకని దేశంలో కోళ్లకు న్యాయమా అని కొందరు ఆక్షేపిస్తారు. పందెం తాతల నాటి ఆచారమని మరికొందరు వాదిస్తారు. మొదటి వాదం న్యాయాన్ని చాలీచాలని గింజలవలె భావిస్తుంది. పశువుకు పెడితే మనిషికి తరిగేది కాదది. నోరులేని ప్రాణి వేదనను గుర్తించడం నేర్చిన న్యాయవాది నోరున్నా మాట చెల్లని పేదవాని వేదనను మరింత త్వరగా గుర్తిస్తాడు. ఇక ఆచారం మాట. ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసులు, కొత్త బియ్యపు పొంగలి ఉండగా, కోడికాలి కత్తి లేనంత మాత్రాన సంక్రాంతి శోభ తగ్గదు.

అమెరికాలోని హార్వర్డ్ న్యాయ కళాశాలలో 2000లోనే ఈ విషయాన్ని బోధించారు. హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం జంతు సంరక్షణ చట్టాలపై డిప్లొమాను ప్రవేశపెట్టింది. అయితే వివాదం పుట్టిన చోటనే దాని అధ్యయనమూ సాగాలి. రాజమహేంద్రవరంవంటి పట్టణాల న్యాయ కళాశాలలు దీనిని ఐచ్ఛిక పాఠ్యాంశంగా స్వీకరించడం అవసరం. విద్యార్థులు పశువుల సంతలనూ, కోళ్ల ఫారాలనూ పరిశీలించాలి. రైతు కష్టాన్నీ వినాలి. సంక్రాంతికి ముందే గ్రామాలలో న్యాయ విజ్ఞాన సదస్సులు జరపాలి. శిక్ష వల్ల భయం కలుగుతుంది. అవగాహన వల్ల మార్పు నిలుస్తుంది. ఆ అవగాహనను ఊరూరా నాటగల యువ న్యాయవాదులను తీర్చిదిద్దడమే న్యాయవిద్య కర్తవ్యం.