అడగడం ఆలస్యమైంది

మాకు పాలు పోసే ఆవిడ కూతురు ఐదో తరగతి. నేను కాగితం మీద వేసుకునేలోపే నెల లెక్క నోటితో చెప్పేస్తుంది! "నవోదయ పరీక్షకి అప్లికేషన్ పెట్టించావా?" అని అడిగితే వాళ్లమ్మ నసిగింది. "పెద్దాడికైతే కోచింగ్ కూడా ఇప్పించామమ్మగారూ. ఆడపిల్లకి హాస్టలెందుకని వాళ్ల నాన్న..." అప్పటికే గడువు దాటిపోయింది.

చురుకైన పల్లెపిల్లల కోసం 1985-86లో మొదలైన బళ్లవి. జిల్లా పిల్లల్లోంచి పరీక్ష పెట్టి ఆరో తరగతికి 80 మంది దాకా తీసుకుంటారు. కనీసం 75 శాతం సీట్లు పల్లెలకి, మూడోవంతు ఆడపిల్లలకి. ఆడపిల్లకి పన్నెండో తరగతి దాకా ఫీజు లేదు, తిండీ వసతీ ఉచితమే.

మంచి ఏర్పాటే. కానీ పరీక్ష రాసినవాళ్లలోంచే కదా ఏరేది! దరఖాస్తే పెట్టని పిల్ల తెలివి ఎవరి కంటపడుతుంది? సీట్లు కేటాయిస్తే సరిపోదు. ఐదో తరగతి పిల్లలందరిచేతా బడివాళ్లే దరఖాస్తు పెట్టించాలి. వద్దనుకునేవాళ్లు తర్వాత వద్దనొచ్చు.

అందాకా మనం ఊరుకోవాలా? మీ ఇంటికి పాలు తెచ్చేవాళ్లనీ, పనికొచ్చేవాళ్లనీ ఒక్కమాట అడగండి. నెల ముందు అడగాల్సింది నేను. ఆ పరీక్ష రెండోసారి రాయనివ్వరు, ఐదో తరగతి దాటితే అసలే లేదు. మొన్న కూడా ఆ పిల్ల నా లెక్కలో తప్పు దిద్ది నవ్వింది. నాకు నవ్వు రాలేదు.