మసక ఫొటోను ఏఐతో క్లియర్ చేసి అమ్మకానికి పెడుతున్నారా? అయితే ఇది చూడండి

మీ అమ్మగారో అత్తగారో డ్వాక్రా సంఘంలో ఉన్నారనుకుందాం. సంఘం వాళ్లు పచ్చళ్లు పెడతారు, చీరలు అమ్ముతారు, జ్యూట్ బ్యాగులు కుడతారు. వాటిని ఆన్‌లైన్‌లో పెట్టే పని మాత్రం మీ మీద పడింది. తీరా వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు చూస్తే అన్నీ మసకే. కాస్త జూమ్ చేయగానే గళ్లు గళ్లుగా విడిపోతున్నాయి. వెంటనే 'ఫొటో క్లియర్ చేసే యాప్' కోసం వెతుకుతారు. ఒక్క ట్యాప్‌తో చీర తళతళలాడిపోతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

అమ్ముకోవడానికి వేదికలకు కొదవ లేదు. ప్రభుత్వ శాఖలు కొనుగోళ్లు చేసే జెమ్ పోర్టల్ 2016 నుంచి ఉంది. స్వయం సహాయక సంఘాల ఉత్పత్తుల కోసం కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఈ-సరస్ నడుపుతోంది. ఓఎన్‌డీసీ ఉంది. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ సంగతి సరేసరి. ఎక్కడ పెట్టినా కొనేవాళ్లు సరుకును పట్టుకుని చూడలేరు. వాళ్లకు కనిపించేది ఫొటో ఒక్కటే.

అసలు ఫొటో ఎందుకు పాడైంది?

చాలాసార్లు తప్పు కెమెరాది కాదు, ఫొటో చేసిన ప్రయాణానిది. 12 మెగాపిక్సెల్ ఫోన్‌తో తీసిన ఫొటో 4,000 పిక్సెల్స్ వెడల్పు, 3,000 ఎత్తు ఉంటుంది. అంటే మొత్తం కోటీ 20 లక్షల చుక్కలు. దాన్ని వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు 1,600 పిక్సెల్స్ దరిదాపులకు కుదించుకుపోతుంది. మిగిలేది 19 లక్షల చుక్కలే. అందుకున్నవాళ్లు సేవ్ చేసుకోకుండా స్క్రీన్‌షాట్ తీశారనుకోండి, అడ్డంగా తీసిన ఫొటో ఫోన్ తెర వెడల్పుకు, అంటే 1,080కి పడిపోతుంది. అందులోంచి చీరను మాత్రమే కత్తిరిస్తే 500, 600 మిగులుతాయి. అమెజాన్‌లో కొనుగోలుదారు జూమ్ చేసి చూడాలంటే ఫొటో పొడవైన వైపు కనీసం 1,000 పిక్సెల్స్ ఉండాలి. మీ దగ్గర ఉన్నది అందులో సగం.

కాబట్టి యాప్ కోసం వెతికే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఫొటో తీసినవాళ్లకు ఫోన్ చేయండి. "అక్కా, ఆ ఫొటో మీ గ్యాలరీలో ఇంకా ఉందా? డాక్యుమెంట్‌గా పంపండి" అని అడగండి. వాట్సాప్‌లో అటాచ్ గుర్తు నొక్కి, గ్యాలరీ బదులు డాక్యుమెంట్ ఎంచుకుంటే ఫైల్ ఉన్నది ఉన్నట్టు వస్తుంది. 2023 ఆగస్టు నుంచి ఉన్న హెచ్‌డీ ఆప్షన్ కూడా మామూలు దానికంటే నయమే, కానీ అది కూడా కొంత కుదిస్తుంది. వచ్చిన ఫైల్ సైజు గ్యాలరీలో ఫొటో వివరాల్లో కనిపిస్తుంది. చెబితే నమ్మరు గానీ, ఈ ఒక్క ఫోన్ కాల్‌తోనే సగం ఫొటోల సమస్య తీరిపోతుంది.

ఏఐ యాప్ చేసేదేమిటి?

పోయిన పిక్సెల్స్‌ను ఏ యాప్ కూడా వెనక్కి తేలేదు. పాత పద్ధతి సాఫ్ట్‌వేర్ పక్క పక్క చుక్కల రంగులను సగటు చేసి ఖాళీలు నింపుతుంది. ఫొటో పెద్దదవుతుంది, మసక అలాగే ఉంటుంది. ఏఐ అలా కాదు. తనకు నేర్పిన వేలాది ఫొటోలను బట్టి 'ఇక్కడ బహుశా ఇలా ఉండి ఉంటుంది' అని ఊహించి గీస్తుంది. పుట్టినరోజు ఫొటోకైతే ఆ ఊహతో ఇబ్బంది లేదు. డబ్బు తీసుకుని అమ్మే వస్తువు దగ్గరే ఆలోచించాలి.

పోచంపల్లి ఇక్కత్‌నే తీసుకోండి. ఇందులో పోగులను ముందే కట్టి, రంగులు అద్ది, ఆ తర్వాత నేస్తారు. రంగు పోగు వెంట కాస్త పాకుతుంది. అందుకే డిజైన్ అంచులు గీత గీసినట్టు ఉండవు, ఈకల్లా కొద్దిగా చెదిరి ఉంటాయి. తెలిసినవాళ్లు అసలు ఇక్కత్‌ను గుర్తుపట్టే ఆనవాళ్లలో అదొకటి. ఏఐ దాన్ని మసక అనుకుంటుంది. అంచులను చెక్కినట్టు సరిచేసేస్తుంది. ఫలితంగా మగ్గం మీద నేసిన చీర మిల్లులో అచ్చేసిన ప్రింట్‌లా కనిపిస్తుంది! నేతన్న పనితనాన్ని మన చేతులతో మనమే చెరిపేసినట్టు కదా. సహజ రంగుల కలంకారీకి ఇంకో బాధ. ఆటో ఎన్‌హాన్స్ నొక్కితే దాని మెత్తని ఎరుపు మిఠాయి రంగులోకి మారుతుంది. ఇంటికొచ్చిన చీర ఆ రంగులో ఉండదు.

లేబుళ్లది అంతకంటే తీవ్రమైన విషయం. పచ్చడి సీసా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉంటుంది. మసక ఫొటోలో 8 ఉన్నచోట ఏఐ 3 గీయగలదు. తెలుగు అక్షరాలైతే ఏ భాషకూ చెందని గీతలుగా మారిపోవచ్చు. ఎంఆర్‌పీ, నికర బరువు, తయారీదారు వివరాలు ఆన్‌లైన్ పేజీలో కూడా కనిపించాలని తూనికలు కొలతల నియమాలు చెబుతున్నాయి. వీటిని ఫొటోకు వదిలేయకుండా సీసా చూసి టైప్ చేయండి.

తేడా వస్తే ఎవరిది బాధ్యత?

అమ్మినవాళ్లదే. 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటనలో చూపింది అసలు వస్తువు లక్షణాలతో సరిపోవాలి. సరిపోకపోతే వస్తువును వెనక్కి తీసుకోనని, డబ్బు తిరిగివ్వనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. కొన్నవాళ్లు 1915 నంబర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. 'యాప్ అలా మార్చింది' అన్న జవాబు అక్కడ పనికిరాదు.

ఇలాగని ఫొటోను అసలు ముట్టుకోకూడదని కాదు. వెలుతురు సరిచేయడం, వెనక ఉన్న గోడను తీసేసి తెల్లగా పెట్టడం తప్పేమీ కాదు. మట్టి కుండ, జ్యూట్ బ్యాగ్ లాంటి సాదా వస్తువులను రెండింతల వరకు పెద్దవి చేసినా పెద్దగా ప్రమాదం లేదని నా అభిప్రాయం. నేత, జరీ, అక్షరాలు ఉంటే మాత్రం వద్దు. ఒకవేళ చేస్తే, వస్తువును పక్కన పెట్టుకుని ఫొటోతో పోల్చి చూశాకే అప్‌లోడ్ చేయండి.

అసలు ఫైల్ దొరక్కపోతే మళ్లీ తీయడమే మేలు, పట్టేది పది నిమిషాలు. ముందు లెన్స్‌ను మెత్తని గుడ్డతో తుడవండి, నూనె వేళ్ల మరకలే సగం మసకకు కారణం. ఉదయం పూట కిటికీ పక్కన, ఎండ నేరుగా పడనిచోట తెల్ల చార్ట్ మీద వస్తువు పెట్టండి. రెండో వైపు నీడ పడుతుంటే థర్మకోల్ షీట్ అడ్డం పెడితే వెలుగు తిరిగి పడుతుంది. ఫ్లాష్ వద్దు. జూమ్ చేయకుండా మీరే ఒక అడుగు దగ్గరకు జరగండి. అల్లిక, అంచు, లేబుల్‌కు విడివిడిగా దగ్గరి ఫొటోలు తీయండి.

ఫొటోలోని చీర ఎప్పుడో అమ్ముడైపోయిందంటారా? అయితే ఆ ఫొటోకు మరమ్మతు చేసి లాభం లేదు. చేనేతలో ఏ రెండు చీరలూ అచ్చంగా ఒకేలా రావు. ఇప్పుడు చేతిలో ఉన్న చీరనే ఫొటో తీసి పెట్టండి.