దిబ్బలోనే పోతున్న బస్తాలు

యూరియా కోసం ఆధార్ కార్డు పట్టుకుని అంగడి ముందు నిలబడని రైతు మన పడమటి మండలాల్లో అరుదు. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలని దాని మీదే అచ్చేసి ఉంటుంది. మనం ఇచ్చుకునే రేటు వేరు. దానికి తోడు మనకు అక్కర్లేని మందు డబ్బా ఒకటి అంటగడతారు. దీని మీద సంఘం కొట్లాడుతూనే ఉంది, ఇక ముందూ కొట్లాడుతుంది. ఈ నెల మాత్రం ఇంకో సంగతి మాట్లాడుకుందాం. అంగడి నుంచి ఇంటికొచ్చాక దొడ్డి వెనకున్న పెంటదిబ్బ కేసి ఒకసారి చూడండి.

ఏడాది పొడుగునా పేడ, ఊడ్చిన కసువు, బూడిద, కూరగాయల తొక్కలు, గొడ్లు వదిలేసిన గడ్డి అన్నీ అక్కడే పడతాయి. వేసవంతా ఎండకు మాడతాయి. కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే దిబ్బ అడుగు నుంచి నల్లటి నీళ్ళు కాలవలోకి పారతాయి. ఆ నల్లనీళ్ళే సారం. మిగిలిన పిప్పిని ట్రక్కుకెత్తి చేలో కుప్పలు పోస్తాం. దుక్కి అయ్యేదాకా అవి మళ్ళీ ఎండలోనే. ఇంత చేసి, ఎరువు తోలాం కదా పంట రాలేదేమని అడుగుతాం.

బాగా చివికిన పశువుల ఎరువు టన్నుకు సుమారు 5 కిలోల నత్రజని ఉంటుంది. యూరియా బస్తాలో 20 కిలోల పైన ఉంటుంది. నాలుగు టన్నులు తోలితే ఒక్క బస్తా లెక్కేనా అని నవ్వేవాళ్ళున్నారు. ఆ నాలుగు టన్నుల్లోనే దాదాపు అంతే పొటాష్, కొంత భాస్వరం, జింకు వస్తాయన్నది వాళ్ళు లెక్కలోకి తీసుకోరు. అసలు లాభం అది కూడా కాదు. ఉదయగిరి, సీతారామపురం, మర్రిపాడు వైపు ఎర్రనేలల్లో వాన వెలిసిన వారానికే పైరు వాడుమొహం వేస్తుంది. ఎరువు తిన్న నేల ఇంకో నాలుగు రోజులు ఆగుతుంది. మెట్టలో ఆ నాలుగు రోజులే పంట.

కానీ ఎరువు చివికి ఉండాలి. నా అనుభవమే చెబుతాను. ఒక ఏడు తొందరపడి సగం మగ్గిన పేడ తోలి బోరు కింద వేరుశనగ వేశాను. మొక్కలు వరసపెట్టి వాడిపోతుంటే పెరికి చూశాను, వేళ్ళ దగ్గర తెల్లటి వేరుపురుగు. పచ్చిపేడ వాటికి పుట్టిల్లు. చెదలకూ అంతే. ఆ ఏడు నేను తోలింది ఎరువు కాదు, పురుగు.

చేయడం పెద్ద విద్యేమీ కాదు. ఎండింది, పచ్చిది కలవాలి. ఎండుటాకు, కందికట్టె, వరిగడ్డి మాత్రమే పోస్తే ఏడాదైనా అట్లాగే ఉంటాయి. పచ్చిరొట్ట, కూరగాయల తొక్కలు, పేడ మాత్రమే పోస్తే కుళ్ళి కంపు కొడతాయి. జానెడు ఎండుచెత్త, దాని మీద పచ్చిది, పైన పలచగా పేడనీళ్ళు, గుప్పెడు పాత ఎరువో చెట్టు కింద మట్టో. ఇట్లా వరసలు పేర్చుకుంటూ పోవాలి. కందికట్టెను విరిచి వేయండి. వయ్యారిభామ, జిల్లేడు, వెంపలి, కానుగ రొట్ట ఏదైనా పనికొస్తుంది. వయ్యారిభామను మాత్రం పూత రాకముందే పెరకాలి. పొగాకు కాడలు వేస్తే ఆ ఎరువు పొగాకు నారుమళ్ళకూ, మిరప, టమోటాలకూ వద్దు, తెగులు దానితోనే తిరిగి వస్తుంది. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఇళ్ళ దగ్గర పొట్టు దొరుకుతుంది కదా అని కొందరు తెచ్చి పోస్తున్నారు. అది చివకడం చాలా నిదానం, ఉన్న నత్రజనిని కూడా తానే పట్టుకుంటుంది. కొట్టంలో గొడ్ల కింద పరచడానికైతే బ్రహ్మాండం.

కొట్టం మాటెత్తాం కాబట్టి ఇంకొకటి. పేడ ఎత్తుతాం, ఉచ్చను కాలవకు వదిలేస్తాం. గొడ్డు విసర్జించే నత్రజనిలో సగం దాకా ఉచ్చలోనే ఉంటుంది, పొటాష్ అయితే ఎక్కువ భాగం. గొడ్ల కింద ఎండు ఆకో, పొడిమట్టో పరిచి రెండు మూడు రోజులకోసారి ఎత్తి గుంతలో వేసుకుంటే చాలు. దీనికి పైసా ఖర్చు లేదు.

తేమ ఎంతుండాలి? పిడికెడు తీసి పిండితే అరచెయ్యి తడవాలి, నీళ్ళు కారకూడదు. కుప్ప మధ్యలోకి ఇనుపచువ్వ గుచ్చి కాసేపాగి లాగితే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండాలి. ఆ వేడికే కలుపు గింజలు చస్తాయి. చల్లారినప్పుడు తిరగెయ్యాలి. మూడు నాలుగు నెలలకు నల్లగా, పొడిగా, తొలకరి మట్టి వాసన వస్తుంది. ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1924 నుంచి 1931 దాకా ఇండోరులో ఉండి చెప్పిన పద్ధతి ఇదే. ఆత్మకూరు, అనంతసాగరం, సంగం వైపు సోమశిల నీళ్ళున్నచోట ఇది బాగా కుదురుతుంది. అక్కడ హార్వెస్టరు కోసిన కయ్యల్లో గడ్డికి నిప్పు పెట్టడం మానితే గడ్డి కరువు కూడా లేదు. కాలిస్తే అందులోని నత్రజని దాదాపు అంతా పొగలోనే పోతుంది.

ఉదయగిరి వైపు తాగే నీళ్ళకే ట్యాంకరు చూసే ఊళ్ళున్నాయి. అక్కడ కుప్పను పదిరోజులకోసారి తడపమని చెప్పడం అన్యాయం. వాళ్ళకు బెంగుళూరు పద్ధతి మేలు. ఆచార్య అనే మన శాస్త్రవేత్త 1939లో చెప్పింది. చింతచెట్టు నీడన మూడడుగుల లోతు గుంత తీసి, వరసలు పేర్చి, ఒక్కసారి బాగా తడిపి, పైన బురదతో మెత్తి వదిలెయ్యడమే. తిరగేసే పని లేదు, మళ్ళీ నీళ్ళక్కర్లేదు. ఎనిమిది నెలలు పడుతుంది, అంతే తేడా. ఐప్పసి వానలకు నీళ్ళు నిలవకుండా చుట్టూ కట్ట వేసుకోండి. నిమ్మ, బత్తాయి తోటలకు వేసేటప్పుడు చెట్టు మొదలుకు తగలనివ్వకండి, బంక తెగులు వస్తుంది. కొమ్మల నీడ ఆగేచోట చుట్టూ వేసి మట్టి కప్పండి.

ప్లాస్టిక్ గురించి ఒక్క మాటే. పాల ప్యాకెట్టు, షాంపూ కవరు దిబ్బలో పడితే చేలోకి పోతాయి, అక్కడి నుంచి గొడ్డు కడుపులోకి. వాటిని ఇంటి దగ్గరే వేరు చెయ్యాలి. ఈ పని చివరకు ఆడవాళ్ళ నెత్తినే పడుతుందని నాకు తెలుసు. కసువు ఊడ్చేదీ, పేడ మోసేదీ వాళ్ళే. గుంత తవ్వడం, తిరగెయ్యడం మగవాళ్ళు చెయ్యకపోతే ఈ సంపాదకీయం వాళ్ళకు ఇంకో చాకిరీ అంటగట్టినట్టే.

ఇక సంఘం మాట. ఎరువు రెండు మూడేళ్ళు కొద్దికొద్దిగా పనిచేస్తుంది. కౌలు ఏమో నోటిమాట మీద ఒక్క ఏడాదికి. వచ్చే ఏడు ఎవరి చేతిలో ఉంటుందో తెలియని చేనుకు కౌలురైతు పది ట్రక్కులు ఎందుకు తోలతాడు? బస్తా చల్లి ఈ ఏడు పంట తీసుకుంటాడు, అతన్ని తప్పుపట్టలేం. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు కూడా 11 నెలలకే, అదీ భూమి యజమాని సంతకం పెడితేనే. కౌలు కనీసం మూడేళ్ళకు రాసివ్వాలని, మధ్యలో మాన్పిస్తే తోలిన ఎరువుకు కట్టివ్వాలని మనం అడగాలి. భూమి ఉన్న మన సభ్యులే ముందు తమ కౌలుదార్లకు ఆ మాట ఇవ్వాలి.

ఊరూరా పంచాయతీ డబ్బుతో చెత్త నుంచి సంపద తయారుచేసే షెడ్లు కట్టారు. నేను చూసినవాటిలో ఎక్కువ వాటికి తాళం, ఒకదాంట్లో ఎవరివో వడ్లబస్తాలు. చెత్త ఎత్తేవాళ్ళకు నెలనెలా జీతమిచ్చి వాటిని నడపమని గ్రామసభలో అడగండి. ఉపాధి హామీ పనుల్లో కంపోస్టు గుంతలు ఉన్నాయి, సన్నకారు రైతులు అర్జీ పెట్టండి. ఒక జాగ్రత్త. కంపోస్టు చేసుకుంటున్నారు కదా అని ఎరువుల కోటా కోస్తామంటే ఒప్పుకోం. నేల బాగయ్యేదాకా రెండూ కావాలి.

వచ్చే మండల సమావేశానికి ఎవరి దిబ్బ నుంచి వాళ్ళు పిడికెడు ఎరువు పొట్లం కట్టి తెండి. వాసన చూసి, పిండి చూసి మాట్లాడుకుందాం. నాదీ తెస్తాను.